అమ్మ మంచం పక్కన మ్యాట్

తమ్ముడికి సర్క్యూట్ల పిచ్చి. పిచ్చి అని మాటవరసకి అనడం లేదు. పొద్దున్నంతా ఎక్స్‌రే సెంటర్లో డాక్టరు చెప్పే రిపోర్టులు టైపు చేసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి, కంచంలో ఏముందో కూడా చూడకుండా నాలుగు ముద్దలు మింగి, మేడ మీద గదిలో కంప్యూటర్ ముందు కూలబడ్డాడంటే ఇక పిలిచినా పలకడు. నలభై మూడేళ్ళ మనిషి. పెళ్ళి మాటెత్తినప్పుడల్లా నవ్వేసి ఊరుకున్నాడు, ఇప్పుడు ఎత్తేవాళ్ళు కూడా లేరు. అక్క అతన్ని సర్క్యూట్రాయుడు అని పిలుస్తుంది. ముద్దుకీ అదే పేరు, కోపానికీ అదే పేరు.

ఆ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఉంది. తెర మీద బ్యాటరీ పెట్టి, బల్బులూ స్విచ్చులూ ట్రాన్సిస్టర్లూ తెచ్చి గీతలతో కలిపి ఒక బటన్ నొక్కితే, నిజంగా కరెంటు పారుతున్నట్టు పచ్చటి చుక్కలు ఆ గీతల వెంట పరుగులు తీస్తాయి. తప్పుగా కలిపితే ఒక మూల ఎర్రగా వెలుగుతుంది, అంతే. ఏదీ కాలదు, ఏదీ పేలదు, చెయ్యి చురుక్కుమనదు. ఇలాంటి సరదా ఉన్నవాళ్ళు ఆరొందల మంది ఒక ఆన్‌లైన్ గ్రూపులో ఉన్నారు. తమ్ముడు గీసిన సర్క్యూట్లు చూసి వాళ్ళు అతన్ని గురువుగారు అంటారు. ఆ గురువుగారు పన్నెండేళ్ళలో స్వయంగా టంకం పెట్టి తయారుచేసినవి మూడే మూడని, వాటిలో రెండు పొగలు కక్కాయని గ్రూపులో ఎవరికీ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, వీధి చివర రేడియోలు బాగుచేసే మెకానిక్కు. ఆయన నోరు మంచిది కాబట్టి పరువు దక్కింది.

ఇక కింద రెండు గదుల్లో అమ్మ, అక్క ఉంటారు. అమ్మ ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో, బోర్డు ముందు కూచుని కాల్స్ కలిపే ఆపరేటరుగా చేసింది. నాలుగేళ్ళ నుంచి ఆమెకి జ్ఞాపకాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి. కొడుకు పేరు పోయింది, తన పేరు పోయింది, మధ్యాహ్నం రెండింటి డ్యూటీ మాత్రం పోలేదు. మధ్యాహ్నం కాస్త కునుకు తీసి లేవగానే "రెండయింది, బోర్డు మీద ఎవరూ లేరు" అంటూ బయల్దేరుతుంది. రెండుసార్లు గేటు దగ్గర అక్క పట్టుకుంది. ఒకసారి తలుపుకి బయట గడియ పెడితే, ఆమె లోపల్నుంచి తలుపు బాదుతూ ఏడ్చిన ఏడుపు విని, మళ్ళీ ఆ పని చెయ్యనని అక్క ఒట్టు పెట్టుకుంది. అప్పట్నించీ అమ్మ మెడలో ఒక కార్డు వేలాడుతూ ఉంటుంది. దాని మీద అక్క ఫోన్ నంబరు.

అక్క ఇంట్లోనే కుట్టు మిషను మీద స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఎనిమిది నెలలుగా గడప దాటింది లేదు. ఆ ఎనిమిదో నెలలో ఆమెకి పన్ను నొప్పి పట్టుకుంది. మూడు వారాలు మాత్రలు మింగింది. దవడ బూరెలా పొంగాక ఒక రోజు మెట్లెక్కి వచ్చి తమ్ముడి గుమ్మంలో నిలబడింది.

"ఏరా సర్క్యూట్రాయుడూ, ఊళ్ళో వాళ్ళందరికీ ఏవేవో గీసిస్తావు కదా. అమ్మ మంచం దిగితే నీ గదిలో బెల్లు మోగేలా ఒకటి చెయ్యలేవా? నేను పన్ను పీకించుకుని రెండు గంటల్లో వచ్చేస్తాను."

"రెండు గంటలే కదా, నేను కింద కూచుంటాలే."

"కూచుంటావు. కూచుని ఆ లాప్‌టాప్‌లో తల దూరుస్తావు. నీ సంగతి నాకు తెలీదూ? బెల్లయితే కనీసం వినిపిస్తుంది."

ఆ మాట సూదిలా గుచ్చుకుంది గానీ, పని మాత్రం అతనికి తెగ నచ్చింది. ఇన్నాళ్ళకి ఇంట్లోవాళ్ళకి అతని విద్యతో అవసరం పడింది. ఆ పూటే మొదలుపెట్టాడు.

మంచం ఒక పక్క గోడకి ఆనుకుని ఉంటుంది. దిగితే రెండో పక్కనుంచే దిగాలి. అక్కడ నేల మీద ఒక మ్యాట్ పరవాలి. రెండు అట్టలకి వంటింటి రేకు కాగితం అతికించి, మధ్యలో చిల్లులు పెట్టిన స్పాంజి ఉంచితే సరి. కాలు పడగానే స్పాంజి అణిగి, ఆ చిల్లుల్లోంచి పై రేకు కింది రేకుకి తగులుతుంది, బెల్లు మోగుతుంది. ఇదంతా అతనికి ఒక పూట పని. అసలు శ్రమంతా మిగతా సర్క్యూట్ మీద పెట్టాడు. కాలు వణికి రెండు మూడుసార్లు తగిలినా ఒకటే మోత మోగాలి. బ్యాటరీ నీరసిస్తే ముందుగా ఎర్రలైటు వెలగాలి. వైరు ఎక్కడైనా తెగితే తెలియాలి. పార్టులు పది శాతం అటూ ఇటూ ఉంటే ఏమవుతుందో చూడటానికి ప్రోగ్రాంతో వెయ్యిసార్లు ఆడించాడు. వెయ్యిసార్లూ మోగింది. ఆ బొమ్మలో మ్యాట్ ఉండాల్సిన చోట ఒక చిన్న స్విచ్చి గుర్తు ఉంది. మౌస్‌తో నొక్కితే మూసుకుంటుంది, వదిలితే తెరుచుకుంటుంది.

టంకం పని మెకానిక్కు చేత చేయించాడు. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి తోసి కాగితం మీది బొమ్మ అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుంది బాబూ, చాలా బాగుంది. దీని మీద ఎవరు నడుస్తారు?"

"మా అమ్మ."

"ఆవిడ చేత నడిపించి చూశావా?"

"ఇంకా తయారవలేదు కదండీ."

"తయారయ్యాక చూడు మరి," అని ఆయన పనిలో పడ్డాడు. ఈయనకి అన్నీ చాదస్తాలే అనుకున్నాడు తమ్ముడు.

శుక్రవారం మ్యాట్ పరిచారు. అక్క దానికి నీలం గుడ్డతో గలీబు కూడా కుట్టింది. తమ్ముడు ఎక్కి తొక్కాడు, పైన బెల్లు గణగణా మోగింది. అక్క తొక్కింది, మోగింది. ఇద్దరూ మార్చి మార్చి చిన్నపిల్లల్లా ఓ పదిహేనుసార్లు తొక్కారు. దవడ వాచిన మొహంతోనే అక్క నవ్వింది.

"అమ్మని కూడా ఓసారి నిలబెట్టి చూద్దామా?"

"ఇప్పుడే కదా పడుకుంది, లేపడం దేనికి? స్విచ్చికి ఎవరు తొక్కినా ఒకటే అక్కా."

శనివారం మధ్యాహ్నం అమ్మ నిద్రపోయాక అక్క బెల్లు స్విచ్చి వేసి, చెప్పులేసుకుని, గేటు దగ్గర ఆగి మేడ కిటికీ వైపు చూసింది. తమ్ముడు చెయ్యూపాడు. బెల్లు అతని బల్ల మీద, మూరెడు దూరంలో ఉంది. అతను చెవుల్లో ఏమీ పెట్టుకోలేదు, తలుపు మూసుకోలేదు. ఆ రెండు గంటలూ అతను నిర్లక్ష్యంగా ఉన్నాడని అనడానికి వీల్లేదు. గ్రూపులో ఎవరో తమ పిట్టల పంజరానికి లైటు కావాలంటే, ఆ పని చేస్తూ మధ్యమధ్య బెల్లు వైపు చూస్తూనే ఉన్నాడు. బెల్లు మోగలేదు. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దం తను తయారుచేసిందే అన్నట్టు అతనికి లోలోపల గర్వంగా కూడా ఉంది.

మూడున్నరకి ఫోన్ మోగింది. అక్క. మత్తు ఇంజెక్షన్ వల్ల మాట ముద్దముద్దగా వస్తోంది.

"అమ్మ ఏదిరా?"

"పడుకునుంది."

"చూశావా?"

"చూడక్కర్లేదు అక్కా, బెల్లు మోగలేదుగా."

అక్క నెమ్మదిగా, పిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. "చెప్పుల షాపు వాళ్ళు ఇప్పుడే నాకు ఫోన్ చేశారు. కార్డు మీద నంబరు చూసి. అమ్మ అక్కడ నేల మీద కూచుని ఉందిట. నేను వెళ్తున్నాను."

అతను మెట్లు ఎలా దిగాడో అతనికే తెలియదు. మంచం ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది, డ్యూటీకి వెళ్ళేముందు అమ్మ ఎప్పుడూ మడతపెట్టే వెళ్ళేది. వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం పక్కన నీలం గలీబు ఒక్క ముడత కూడా లేకుండా పరిచి ఉంది. అతను దాని మీద కాలు పెట్టాడు. పైన బెల్లు గణగణా మోగింది.

పాత ఎక్స్ఛేంజి భవనంలో కింది అంతస్తు ఇప్పుడు చెప్పుల షాపు. ఇంటినుంచి మైలుంపావు. మధ్యలో నాలుగు రోడ్ల కూడలి. ఆ ఎండలో అమ్మ చెప్పుల్లేకుండా నడిచి వెళ్ళింది. అక్క అద్దె కార్లో తీసుకొచ్చి దింపేసరికి అమ్మ అరికాళ్ళు రెండూ బొబ్బలెక్కి ఉన్నాయి, మోకాలు చెక్కుకుపోయి ఉంది. అక్క నోట్లో దూది. మత్తుకి ఒక పక్క పెదవి వేలాడుతోంది, గడ్డం మీద రక్తం ఆరి ఉంది. ఆ నోటితోనే అమ్మని బుజ్జగిస్తూ లోపలికి నడిపించుకొచ్చింది.

ఆ సమయంలో తమ్ముడు అన్న మాట తలచుకుంటే అతనికి ఇప్పటికీ తల కొట్టేసినట్టు ఉంటుంది. గుమ్మంలో ఎదురొచ్చి, "అక్కా, బెల్లు పనిచేస్తోంది! నేను ఇప్పుడే చూశాను, ఇలా చూడు," అని మ్యాట్ మీద ఎక్కి నిలబడ్డాడు. పైన బెల్లు మోగింది.

అక్క అతని వంక చూసింది. అరిస్తే బాగుండును, అరవలేదు. అమ్మని మంచం మీద కూచోబెట్టి, గిన్నెలో చల్లటి నీళ్ళు తెచ్చి, కింద కూచుని అమ్మ పాదాలు తన ఒళ్ళో పెట్టుకుంది. అమ్మ మాత్రం, "పాపం, లైన్లన్నీ అలాగే ఉండిపోయాయి," అని బాధపడుతోంది.

ఆ తరవాత రెండు రోజులు అక్క అతనితో మాట్లాడలేదు. కంచం పెట్టేది, వెళ్ళిపోయేది. ఎక్స్‌రే సెంటర్లో అతను ఒకరి కుడిచెయ్యి ఎముకని ఎడమచేతికి టైపు చేసి చివాట్లు తిన్నాడు. ఇంటికొచ్చి సర్క్యూట్ మొత్తం మళ్ళీ విప్పి ఆడించాడు. పచ్చటి చుక్కలు ఎప్పట్లాగే చక్కగా పరిగెత్తాయి. వెయ్యికి వెయ్యి. తప్పు ఎక్కడా లేదు, తప్పు లేదంటే అతనికి మరీ భయంగా ఉంది. కూడలి దాటుతున్నప్పుడు ఏ లారీయో వచ్చి ఉంటే అనే ఆలోచన రాగానే కుర్చీలోంచి లేచిపోయేవాడు, మళ్ళీ కూచునేవాడు.

మూడోరోజు సర్క్యూట్ ఉన్న డబ్బాతో సహా మెకానిక్కు దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పాడు. ఆయన డబ్బా వైపు చూడను కూడా చూడలేదు.

"అమ్మగారి బరువెంత?"

"యాభై అయిదు ఉంటుందండీ." నాలుగేళ్ళ కిందట ఆసుపత్రి కార్డు మీద యాభై ఎనిమిది అని చూసిన గుర్తు. కాస్త తగ్గించి చెప్పానని కూడా అనుకున్నాడు.

"ఉంటుంది అంటే?" అన్నాడాయన. "ఇంటికెళ్ళి చూసి రా బాబూ."

అతను ఇంటికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కా, అమ్మ బరువెంత?"

అక్క వెనక్కి తిరగలేదు. "చూసుకో. ఎత్తుకుని బరువు తూచే మిషనెక్కు. తను ఒక్కతీ దాని మీద నిలబడలేదు. నీ బరువు అందులోంచి తీసెయ్."

అమ్మని ఎలా ఎత్తాలో అతనికి తెలియదు. ఆ సంగతి ఆ క్షణం దాకా అతనికే తెలియదు. చేతులు ఎక్కడ పెట్టాలో తోచక మంచం ముందు వంగి తటపటాయిస్తుంటే అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. "ఒక చెయ్యి మోకాళ్ళ కింద. ఒకటి వీపు వెనక. ఆ, అంతే."

చిన్నప్పుడు అతన్ని చంకనేసుకుని, రెండో చేత్తో నిండు గ్యాస్ బండ జరిపిన అమ్మ. అతని చేతులకి గుర్తున్న అమ్మ ఆవిడే. కాబట్టి ఊపిరి బిగించి, కాళ్ళు కూడదీసుకుని, ఉన్న బలమంతా పెట్టి లేచాడు. ఆ బలానికి అమ్మ ఒక్కసారిగా గాల్లోకి లేచిపోయింది. అతను తూలి వెనక్కి రెండడుగులు వేసి గోడకి కొట్టుకున్నాడు. అమ్మ భయపడి అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. ఆమె ఎముకలు అతని చేతులకి ఒక్కొక్కటీ విడివిడిగా తెలిశాయి.

మిషను నూట ఎనిమిది చూపించింది. అతని బరువు డెబ్బై నాలుగు.

"ముప్పై నాలుగు," అన్నాడు. "ముప్పై నాలుగేంటక్కా?"

"పోయిన నెల ముప్పై ఆరు. అంతకుముందు ముప్పై ఎనిమిది."

"నాకు చెప్పలేదేం?"

"రాస్తూనే ఉన్నాను కదరా."

ఫ్రిజ్ మీద క్యాలెండరు ఉంది. ప్రతి నెలా మొదటి తారీఖు గడిలో ఎర్ర పెన్నుతో ఒక అంకె. నలభై ఒకటి. ముప్పై తొమ్మిది. ముప్పై ఎనిమిది. రోజూ మంచినీళ్ళ సీసా కోసం ఆ ఫ్రిజ్ తలుపు తీస్తూ అతను ఆ అంకెలు చూస్తూనే ఉన్నాడు. యూనిఫారాల కొలతలేమో అనుకున్నాడు. అడగనైనా లేదు. అతను ఆ క్యాలెండరు ముందు నిలబడి ఏడ్చాడు. అక్క అక్కణ్ణించి వెళ్ళిపోలేదు, ఓదార్చనూ లేదు. తన దవడ మీద చెయ్యి వేసుకుని పక్కన నిలబడింది.

"ఎన్నిసార్లు ఆడించానో తెలుసా ఆ బొమ్మని," అన్నాడతను.

"బొమ్మనే కదా," అంది అక్క. కోపంగా అనలేదు, అలసటగా అంది.

అతను కంప్యూటర్ కట్టేశాడు. అమ్మ చెప్పుల కొలత తీసుకుని, అంతే సైజులో రెండు చెక్కముక్కలు కోసుకొచ్చాడు. మ్యాట్ మీద ఆ చెక్కలు పెట్టి, వాటి మీద ఖాళీ నీళ్ళ డ్రమ్ము పెట్టి, మిషను మీద తూచిన నీళ్ళు చెంబు చెంబు పోస్తూ ఎప్పుడు మోగుతుందో చూశాడు. పాత స్పాంజికి నలభై ఆరు కిలోలు కావాలి. మందం తగ్గించాడు, నలభై. చిల్లులు పెద్దవి చేశాడు, ముప్పై ఆరు. రేకు చేతులకి గీరుకుంది, జిగురు వేళ్ళకి అంటుకుంది, రెండు అట్టలు పాడయ్యాయి. అయిదో మ్యాట్ ముప్పై ఒకటికి మోగింది. అంతకన్నా పలచన చేస్తే ఎవరూ తొక్కకుండానే మోగుతోంది.

ఆదివారం మధ్యాహ్నం దాన్ని మంచం పక్కన పరిచాడు. అమ్మ కాళ్ళ బొబ్బలు మాని కొత్త చర్మం గులాబీ రంగులో ఉంది. అతను ఆమెని రెండు చేతులతో పట్టుకుని మ్యాట్ మీద నిలబెట్టాడు. అక్క స్విచ్చి దగ్గర నిలబడింది.

"వెయ్యి అక్కా."

"నువ్వు పట్టుకునున్నావు. నీ చేతుల బరువు కూడా పడుతోందేమో. ముందు వదులు, అప్పుడు వేస్తాను."

అమ్మ వేళ్ళు అతని చొక్కా వదలడం లేదు. ఆ వేళ్ళని ఒక్కొక్కటే విప్పాడు. ఒక అడుగు వెనక్కి వేశాడు. అమ్మ తనంతట తను నిలబడింది, కాస్త ఊగుతూ, చేతులు ముందుకు చాపుకుని. అక్క స్విచ్చి వేసింది. ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. తరవాత పైన, ఎవరూ లేని గదిలో, బెల్లు మోగింది.

అక్క గుండెల నిండా గాలి పీల్చుకుంది. "ఇది ఎందాకా పనిచేస్తుంది?"

"ముప్పై ఒకటి దాకా."

అక్క వంటింట్లో క్యాలెండరు ఉన్న వైపు చూసింది. నెలకి రెండు చొప్పున తీసేసుకోవడం ఇద్దరికీ వచ్చు.

పైన బెల్లు మోగుతూనే ఉంది. అమ్మ తల తిప్పి ఆ మోత వింది, తరవాత అతని మొహంలోకి మర్యాదగా చూసింది. "మీరెవరో గానీ, కాస్త ఆ కాల్ చూడండి బాబూ. పాపం ఎవరో చాలాసేపట్నించీ చేస్తున్నారు."

"చూస్తానమ్మా," అన్నాడతను.

కానీ పైకి వెళ్ళలేదు. వంగి, ఒక చెయ్యి మోకాళ్ళ కింద, ఒక చెయ్యి వీపు వెనక వేసి అమ్మని ఎత్తుకున్నాడు. ఈసారి ఎంత బలం కావాలో అంతే పెట్టాడు.